ఒక్క కంచంలో తిన్నోళ్లం

బీర్పూర్‌లో నన్ను ఇప్పటికీ సారు అనే పిలుస్తారు. బతుకంతా బడిలో జీవశాస్త్రం చెప్పి రిటైరైనవాణ్ని. ఊళ్లో ఎవరు రక్తం ఇచ్చొచ్చినా ఆ రిపోర్టు డాక్టరు చేతికంటే ముందు మా అరుగు మీదికి వచ్చేది. నేను కళ్లద్దాలు పెట్టుకొని, నంబర్ల పక్కన అచ్చువేసిన హద్దులు చూసి, దాటిన చోట పెన్నుతో గీత గీసి ఇచ్చేవాణ్ని. అంతటితో ఊరుకుంటే ఎవరికీ నష్టం ఉండేది కాదు. ఎందుకు పెరిగిందో కూడా నేనే తేల్చేవాణ్ని. ఏం తినాలో, ఏం మానాలో, గోలీ వేసుకోవాలో వద్దో కూడా నేనే చెప్పేవాణ్ని. కాగితం చదవడం వచ్చు కాబట్టి నెత్తురు చదవడం కూడా వచ్చనుకున్నాను. ఆ తెలివితక్కువతనానికి వెల చెల్లించింది నా తమ్ముడు. వాడి గుండె కండలో కొంత భాగం ఇక ఎప్పటికీ కదలదు.

ఇది రాయడానికి చాలాకాలం చెయ్యి ఆడలేదు. ఇంట్లో పిల్లలు పెద్దవాళ్లయ్యారు, వాళ్ల పెళ్లిళ్ల మాటలు నడుస్తున్నాయి. ఇక దాచడం తప్పు.

నా సిద్ధాంతం సులువుగా ఉండేది. కంచంలో ఏది పడితే నెత్తురులో అదే తేలుతుంది. కొలెస్ట్రాల్ ఎక్కువ వచ్చిందంటే ఆ మనిషి యాటకూర, గుడ్లు, నూనెలో వేగిన గారెలు హద్దు మీరి తిన్నాడు. తక్కువ వచ్చిందంటే ఒద్దికగా బతికాడు. ఇది పనిచేయడం కళ్లారా చూశాను కూడా. పొద్దంతా గల్లా ముందు కూర్చునే కిరాణా షాపాయన, సాయంత్రమైతే మందు అలవాటున్న మేస్త్రీ, ఇలాంటివాళ్లకు ట్రైగ్లిజరైడ్లు మూడు వందలు, నాలుగు వందలు ఉండేవి. అన్నం సగం చేయమన్నాను. చక్కెర చాయ్ మానమన్నాను, మందు మానమన్నాను. పొద్దున్నే నరసింహస్వామి గుట్ట దాకా నడిచి రమ్మన్నాను. చేసినవాళ్లకు దిగింది. నా మాటకు విలువ పెరిగింది.

2023లో అచ్చైన ఐసీఎంఆర్-ఇండియాబ్ సర్వే చూస్తే మన దేశంలో 20 ఏళ్లు దాటినవాళ్లలో 81.2 శాతం మందికి రక్తంలోని కొవ్వుల్లో ఏదో ఒక తేడా ఉంది. మంచి కొలెస్ట్రాల్ అనే హెచ్‌డీఎల్ తక్కువగా ఉండటం, ట్రైగ్లిజరైడ్లు ఎక్కువగా ఉండటం మనవాళ్లలో బాగా కనిపించే తేడాలు. తిండీ, కదలికా, మందూ వీటిని నిజంగానే పైకీ కిందికీ లాగుతాయి. అన్నం నుంచి వచ్చిన చక్కెర ఖర్చుకాక మిగిలితే కాలేయం దాన్ని కొవ్వు ఆమ్లాలుగా మార్చి, ట్రైగ్లిజరైడ్లుగా కట్టి నెత్తురులోకి పంపుతుంది. నలుగురిలో ముగ్గురికి ఉన్న బాధకు నా సలహా సరిపోయింది. నాలుగోవాడిదీ అదే బాధ అనుకున్నాను. ఆ నాలుగోవాడు నా ఇంట్లోనే ఉన్నాడు.

తమ్ముడు నాకంటే చాలా చిన్నవాడు. బాపు పోయేనాటికి అవ్వ చంకలో ఉన్నాడు. మా ఊరి మగపిల్లలు ఎందరో పోయినట్టే వాడూ దుబాయ్ పోయాడు, అక్కణ్నుంచి మస్కట్. బక్కపలుచని మనిషి, ఎంత తిన్నా ఒంటికి పట్టదు. నాకు మొదట్నుంచీ బొజ్జ. వాడు సెలవు మీద వచ్చినప్పుడల్లా అవ్వ ఇద్దరికీ ఒక్క కంచంలోనే పెట్టేది, చిన్నప్పటి అలవాటు. వీసా కోసం చేసే మెడికల్ ప్రతిసారీ ఫిట్ అయ్యేది. అందులో ముఖ్యంగా చూసేది అంటురోగాలు, ఛాతీ ఎక్స్‌రే. మా వైపు మాత్రం గల్ఫ్ మెడికల్ ఫిట్ అయ్యిందంటే ఆ మనిషికి ఏ రోగమూ లేదని ముద్ర పడ్డట్టే. ఆ ముద్రను చదువుకున్న నేనూ నమ్మాను.

వాడి మడమల వెనక, పిక్క నుంచి దిగే లావు నరం ఉంటుంది కదా, డాక్టర్లు అకిలిస్ టెండన్ అంటారు, అది చూడగానే తెలిసేంత దొడ్డుగా ఉండేది. చెప్పు పట్టీ అక్కడే ఒరుసుకొని ఎర్రగా కమిలేది. ఒకసారి అరుగు మీద కాళ్లు చాపుకొని కూర్చుంటే వేలితో నొక్కి చూశాను. రాయిలా గట్టిగా, అక్కడక్కడ గుళ్లుగుళ్లుగా తగిలింది. పైచర్మం మాత్రం మామూలుగా అటూఇటూ జారుతోంది. గడ్డ చర్మంలో లేదు, దాని కింద నరంలోనే ఉంది.

"సేఫ్టీ బూట్లన్నా, పొద్దంత అండ్లనే ఉంటం" అన్నాడు.

సరేననుకున్నాను. కంటి నల్లగుడ్డు అంచున బూడిదరంగు వలయం కూడా ఉండేది, నలభై నిండకముందే. ముసలివాళ్ల కళ్లలో చూసిన వలయమే. ఎడారి ఎండకు వచ్చిందనుకున్నాను. పిల్లలతో కన్ను బొమ్మ గీయించి కార్నియా ఎక్కడుందో గుర్తించమని మార్కులు వేసినవాణ్ని, నా ముందు కూర్చున్న కన్నును చూసి ఒక్క ప్రశ్న వేసుకోలేదు.

ఒక సెలవులో గుట్ట మెట్లు ఎక్కుతుంటే ఎద పట్టినట్టుందన్నాడు. జగిత్యాల తీసుకెళ్లి రక్తం ఇప్పించాను. ల్యాబు తెలిసినవాళ్లదే కావడంతో లోపలికి పోయి నిలబడ్డాను. ట్యూబును యంత్రంలో పెట్టి గిర్రున తిప్పాక ఎర్రకణాలు అడుక్కు దిగి పైన లేత పసుపు సీరం తేరింది. అద్దంలా తేటగా ఉంది. పక్క స్టాండులో ఇంకెవరిదో ట్యూబు పాలు కలిపినట్టు తెల్లగా ఉంది. "నీ నెత్తురు మంచిగనే ఉన్నదిరా" అనేశాను, రిపోర్టు రాకముందే. సీరాన్ని పాలలా తెల్లబరిచేవి ట్రైగ్లిజరైడ్లను మోసే పెద్ద రేణువులు. కొలెస్ట్రాల్‌ను మోసే ఎల్‌డీఎల్ రేణువులు మరీ చిన్నవి. అవి ఎంత పేరుకున్నా సీరం తేటగానే ఉంటుంది. ఈ సంగతి అప్పుడు నాకు తెలియదు. తెలియనివాడు ఊరుకోవాలి, నేను ఊరుకోలేదు.

టెక్నీషియన్ పిపెట్‌తో కాస్తంత సీరం తీసి రియేజెంటులో కలిపాడు. కొన్ని నిమిషాల్లో అది గులాబీరంగు తిరిగి ముదిరింది. అందులో మూడు ఎంజైములు వరసగా పనిచేస్తాయి. మొదటిది కొలెస్ట్రాల్‌కు అంటుకొని ఉన్న కొవ్వు ఆమ్లాన్ని విడదీస్తుంది. రెండోది కొలెస్ట్రాల్‌ను ఆక్సీకరించి హైడ్రోజన్ పెరాక్సైడ్ పుట్టిస్తుంది. మూడోది ఆ పెరాక్సైడ్‌ను వాడుకొని రంగు తెస్తుంది. రంగు ఎంత ముదిరితే కొలెస్ట్రాల్ అంత. రంగు ముదురును బట్టి నెత్తురులోని పదార్థాన్ని కొలవడం పాత విద్యే. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి 1925లో భాస్వరానికి అలాంటి పద్ధతినే లోకానికిచ్చాడు. అందులో వచ్చేది నీలం. ఆ కథ ఎన్ని తరగతులకు చెప్పానో. నా తమ్ముడి గొట్టంలో గులాబీ పక్కవాటికంటే చిక్కగా ఉందని మాత్రం చూడలేదు.

మొత్తం కొలెస్ట్రాల్ 348. హెచ్‌డీఎల్ 42. ట్రైగ్లిజరైడ్లు 130. ఎల్‌డీఎల్ 280. ఈ ఎల్‌డీఎల్‌ను చాలా ల్యాబుల్లో నేరుగా కొలవరు, 1972లో ఫ్రీడ్‌వాల్డ్ బృందం చెప్పిన లెక్కతో తీస్తారు. మొత్తంలోంచి హెచ్‌డీఎల్‌నూ, ట్రైగ్లిజరైడ్లలో ఐదో వంతునూ తీసేస్తే మిగిలింది ఎల్‌డీఎల్. కాగితం వెనక నేనూ లెక్క వేసి చూశాను. సరిపోయింది. లెక్క సరిపోయిందన్న సంతోషమే తప్ప, ట్రైగ్లిజరైడ్లు మామూలుగా ఉండి ఎల్‌డీఎల్ ఒక్కటే అంత ఎత్తున ఎందుకుందన్న అనుమానం రాలేదు. పెద్దవాళ్లలో ఎల్‌డీఎల్ 190 గానీ అంతకు మించి గానీ ఉంటే వంశపారంపర్యమేమో చూడాలన్నది డాక్టర్లకు తెలిసిన నియమం. నేను "మెస్సు తిండి" అన్నాను.

డాక్టరు గోలీ రాశాడు. నేను ఆపించాను. కొన్ని నెలలు ఇంటి తిండి తిననివ్వండి, అదే దిగుతుందన్నాను. మక్కగటక, జొన్నరొట్టె, ఆకుకూర. యాటకూర బంద్, గుడ్డు బంద్. మరదలు వాడికోసం వేరే గిన్నెలో చుక్క నూనె లేకుండా కూర వండింది. వాడు పల్లెత్తు మాట అనకుండా తిన్నాడు. మళ్లీ పరీక్ష చేయిస్తే మొత్తం 326, హెచ్‌డీఎల్ 41, ట్రైగ్లిజరైడ్లు 105, ఎల్‌డీఎల్ 264. పదహారు తగ్గినందుకు సంబరపడ్డాను. మిగిలిన 264 నా కంటికి ఆనలేదు. ఇంకా ఎందుకు దిగలేదంటే, మరదలు చాటుగా నూనె పోస్తోందేమోనన్నాను. ఆమె ఎదుటే అన్నాను.

"నేనెందుకు పోస్త బావా, నా మనిషి గాదా ఆయన" అంది.

ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు, అప్పుడూ ఇప్పుడూ.

తర్వాత ఇంకో డాక్టరు గట్టిగా చెప్పడంతో గోలీ మొదలైంది. ఎల్‌డీఎల్ 150కి వచ్చింది. అప్పుడు చేసిన పని అన్నిటికంటే పెద్ద తప్పు. "నంబరు దిగింది, ఇంక గోలీ ఎందుకురా, ఊకె మింగితే లివర్ ఖరాబైతది" అన్నాను. అన్న చెప్పాడు, పైగా సారు. వాడు మానేశాడు.

వరికోతలప్పుడు కల్లం కాడ వడ్లు నేర్పుతుంటే దవడ కింద గుంజుతోందన్నాడు. చెమటలు కారుతున్నాయి. నేను గ్యాస్ అనుకొని సోడా తెప్పించాను. నీడకు కూర్చోబెట్టి వీపు నిమిరాను. గుండెకు నెత్తురు పోయే నాళం పూడిపోతే ప్రతి నిమిషం కొంత కండ చచ్చిపోతుంది. ఆ నిమిషాలను నేను సోడాతో, ఓదార్పుతో గడిపాను. జగిత్యాలలో ఈసీజీ తీసి కరీంనగర్ పంపారు. ఆరోగ్యశ్రీ కింద స్టెంట్ వేశారు. వాడికప్పుడు 41 ఏళ్లు.

డిశ్చార్జి ముందు ఒక చిన్న వయసు డాక్టరు వాడి పాదాల దగ్గర నిలబడి, దుప్పటి జరిపి, మడమ వెనక నరాన్ని రెండు వేళ్లతో పట్టుకొని చూశాడు. "ఇది ఎప్పట్నుంచి ఉంది?" అన్నాడు. తర్వాత కళ్లలోకి చూశాడు. తర్వాత నావైపు తిరిగి "మీ నాన్నగారు ఎన్నేళ్లకు పోయారు?" అన్నాడు.

బాపు 43 ఏళ్లకు పోయాడు. బాయి కాడ మోటరు పెట్టబోయి అక్కడే కూలిపోయాడు. ఊరంతా ఎండదెబ్బ అంది. అది మాఘమాసం. మాఘంలో ఎండదెబ్బ ఎక్కడిదని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. బాపు చేతివేళ్ల కణుపుల మీద గట్టి గుళ్లుండేవి. నాగలి పట్టిన కాయలని చెప్పుకునేవాళ్లం. కాయలు అరచేతిలో కాస్తాయి, చేతి వెనక కాయవు. ఇంత చిన్న సంగతి అర్థం కావడానికి నాకు తమ్ముడి ఆసుపత్రి మంచం కావలసి వచ్చింది.

నా రక్తం కూడా పరీక్ష చేశారు. ఎల్‌డీఎల్ 118. బొజ్జ నాది, దావత్‌లు నావి. ఒక్క కంచంలో తిన్న ఇద్దరన్నదమ్ముల్లో ఒకడికి 118, ఒకడికి 280. నా సిద్ధాంతం తప్పని చెప్పే సాక్ష్యం కొన్నేళ్లుగా నా ఇంట్లోనే ఉంది. నా నంబరు మంచిగా ఉండటం నా క్రమశిక్షణ వల్లేననుకొని, వాడి నంబరు పెరగడం వాడి అశ్రద్ధ వల్లేననుకొని, తమ్ముడికి నీతులు చెప్పాను.

ఆ జబ్బు పేరు ఫెమిలియల్ హైపర్‌కొలెస్టరోలేమియా. వంశంలో నడిచే అధిక కొలెస్ట్రాల్. నరాల మీద గడ్డలు, నెత్తురులో కొలెస్ట్రాల్, చిన్నవయసులో గుండెనొప్పి, ఈ మూడూ ఒకే కుటుంబాల్లో కలిసి వస్తున్నాయని నార్వే వైద్యుడు కార్ల్ ముల్లర్ 1938లోనే రాశాడు. ఎందుకు వస్తున్నాయో అమెరికాలో డల్లాస్‌లో పనిచేసిన మైఖేల్ బ్రౌన్, జోసెఫ్ గోల్డ్‌స్టీన్ 1970లలో తేల్చారు, 1985లో నోబెల్ అందుకున్నారు. మన ఒంట్లో కొలెస్ట్రాల్‌లో ఎక్కువ భాగం తిండి నుంచి రాదు, ఒళ్లే తయారుచేసుకుంటుంది. ప్రతి కణానికీ గోడ కట్టుకోవడానికి అది కావాలి, పైత్యరసానికీ హార్మోన్లకూ విటమిన్ డి కీ అదే ముడిసరుకు. నెత్తురులో తిరిగే ఎల్‌డీఎల్‌ను పట్టి దించుకునేది ముఖ్యంగా కాలేయం. దాని కణాల మీద అందుకోసమే రిసెప్టర్లు ఉంటాయి. వాటిని తయారుచేసే జన్యువుకు రెండు ప్రతులు, తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి. ఒక ప్రతి చెడితే దించుకునే పని సగానికి పడిపోతుంది. కొనుగోలు కేంద్రంలో రెండు కాంటాల్లో ఒకటి పాడైతే వడ్ల కుప్పలు రోడ్డు దాకా పేరుకుంటాయి. ఆ కుప్పలు చూసి ఈసారి రైతులు మరీ ఎక్కువ పండించారనేవాడిది ఎంత తప్పో, తమ్ముడి కంచాన్ని నిందించిన నాదీ అంతే తప్పు.

దాదాపు 250 నుంచి 300 మందిలో ఒకరికి ఈ లోపం ఉంటుంది. మా మండలంలోనే ఎన్ని ఇళ్లలో ఉండి ఉంటుందో, ఎందరిని ఎండదెబ్బ అని, గాలి సోకిందని సాగనంపామో. వైద్యం లేకపోతే ఈ లోపమున్న మగవాళ్లలో సగం మందికి 50 ఏళ్లలోపే గుండెజబ్బు వస్తుంది. తల్లిదండ్రుల్లో ఒకరికి ఉంటే పుట్టే ప్రతి బిడ్డకూ రావడానికి, రాకపోవడానికి సమాన అవకాశం.

గోలీ సంగతి కూడా అప్పుడే తెలుసుకున్నాను, దాన్ని స్టాటిన్ అంటారు. జపాన్ శాస్త్రవేత్త అకిరా ఎండో వేలకొద్దీ బూజులను వెతికి, క్యోటోలో ఒక ధాన్యపు దుకాణంలోని బియ్యం మీద పెరిగిన బూజులో 1973లో మొదటి స్టాటిన్‌ను కనిపెట్టాడు. స్టాటిన్ కాలేయం సొంతంగా కొలెస్ట్రాల్ చేసుకోకుండా అడ్డుకుంటుంది. కరువు పడిన కాలేయం నెత్తురులోంచి లాక్కోవడానికి రిసెప్టర్లను పెంచుకుంటుంది. గోలీ మానితే ఆ రిసెప్టర్లు మళ్లీ తగ్గిపోతాయి, నంబరు మళ్లీ ఎక్కుతుంది. నేను చూసిన 150 గోలీ తెచ్చిన 150. వాడి ఒంటి నంబరు 280 గానే ఉంది. ఇంత సూటిగా ఉన్న విషయాన్ని తిరగేసి చదివాను.

తర్వాత పుస్తకాలు ముందేసుకున్నాను. ఆలస్యమే, అయినా చదివాను. ఆ డాక్టరు నన్ను ఇంకో ప్రశ్న అడిగాడు, "మీ అమ్మానాన్నలది మేనరికమా?" అని. కాదన్నాను. ఎందుకడిగాడో చదివితే తెలిసింది. నరాల మీద గడ్డలు వచ్చే జబ్బు ఇదొక్కటే కాదు. 1974లో భట్టాచార్య, కానర్ అనే ఇద్దరు పరిశోధకులు అమెరికాలో ఇద్దరు అక్కచెల్లెళ్ల గురించి రాశారు. వాళ్ల నరాల మీద ఇలాంటి గడ్డలే, నెత్తురులో కొలెస్ట్రాల్ మాత్రం అంతగా లేదు. విడదీసి కొలిస్తే మొక్కల నుంచి వచ్చే స్టెరాల్స్ పేరుకొని కనిపించాయి. నువ్వుల్లో, పల్లీల్లో, ఏ గింజలోనైనా ఉండే సిటోస్టెరాల్, క్యాంపెస్టెరాల్. మామూలు మనిషి పేగు వీటిని లోపలికి దాదాపు రానివ్వదు, వచ్చిన కొద్దిదాన్నీ కాలేయం తోసేస్తుంది. ఆ తోసేసే ఏర్పాటు పుట్టుకతోనే చెడితే అవి నాళాల్లో, నరాల్లో చేరతాయి. ల్యాబులో చూసిన గులాబీరంగు పరీక్షకు ఈ తేడా తెలియదు, ఆ ఎంజైము మొక్కల స్టెరాల్‌ను కూడా కొలెస్ట్రాల్ లెక్కలోనే వేస్తుంది. మూడో జబ్బు ఇంకొకటి ఉంది, అందులో పేరుకునేది కొలెస్టనాల్. అది మెదడును కూడా తినేస్తుంది, తొందరగా పట్టుకుంటే పైత్య ఆమ్లం ఇచ్చి ఆపొచ్చు. గడ్డ చూడ్డానికి మూడింటిలోనూ ఒకేలా ఉంటుంది, మందులు వేరు. ఏ జబ్బో తేల్చాలంటే నెత్తురులోని స్టెరాల్స్‌ను ఒక్కొక్కటిగా విడదీసి కొలవాలి. తర్వాతి రెండు జబ్బులూ రెండు ప్రతులూ చెడితేనే వస్తాయి కాబట్టి మేనరికాల్లో ఎక్కువగా బయటపడతాయి. మా ఇంట్లో బాపు నుంచి కొడుక్కి నేరుగా దిగింది, స్టాటిన్‌కు లొంగింది, కాబట్టి మాది మొదటిదే.

ఆ విడదీసే యంత్రం గ్యాస్ క్రొమటోగ్రాఫ్. 1952లో జేమ్స్, మార్టిన్ అనే ఇంగ్లండ్ శాస్త్రవేత్తలు మొదట కొవ్వు ఆమ్లాలనే దీనితో విడదీసి చూపారు. సన్నటి గొట్టం, పదుల మీటర్ల పొడవు, చుట్టలుగా చుట్టి వేడి పెట్టెలో ఉంటుంది. నెత్తురులోని కొవ్వును ఆవిరయ్యే రూపానికి మార్చి ఒక కొసలో వదిలితే వాయువు దాన్ని మోసుకుపోతుంది. ఒక్కో పదార్థం దాని సమయానికి అది రెండో కొసన బయటికొస్తుంది. కాగితం మీద ఒక్కోదానికి ఒక్కో శిఖరం. పామిటిక్, ఒలియిక్, లినోలియిక్, అన్నీ వేరువేరుగా.

ఈ శిఖరాల గురించి చదువుతుంటే నా అజ్ఞానం ఇంకో మెట్టు కిందికి ఉందని తెలిసింది. లినోలియిక్, ఆల్ఫా లినోలెనిక్ అనే రెండు కొవ్వు ఆమ్లాలను మన ఒళ్లు తయారుచేసుకోలేదు. నెత్తురులో అవి కనిపించాయంటే తిండి నుంచి రావలసిందే. డాల్డా నుంచి వచ్చే ట్రాన్స్ కొవ్వులూ అంతే, వాటిని 2022 జనవరి నుంచి మన దేశంలో నూనెల్లో 2 శాతానికి మించనివ్వరాదని చట్టం. పామిటిక్ మాత్రం రెండు రకాలు. పామాయిల్ నుంచీ రావచ్చు, అన్నం ఎక్కువైతే కాలేయమూ చేసుకోవచ్చు. అంటే కొన్ని కొవ్వు ఆమ్లాలు కంచం సంగతి చెప్తాయి, కొన్ని సగం చెప్తాయి. ఎల్‌డీఎల్ 280 అయితే చెప్పేది కాలేయం సంగతి, దాని వెనక బాపు సంగతి. నేను అన్నింటినీ ఒకే గంపలో పోసి, అన్నింటికీ మరదలి వంటనే జవాబుదారీ చేశాను.

నూనె విషయంలోనూ అదే మొండితనం. మా పొలంలో ఎండాకాలం నువ్వులు వేసేవాళ్లం. జగిత్యాల పక్కనే పొలాస పరిశోధన కేంద్రం ఉంది, నువ్వులో మంచి రకాలు అక్కణ్నుంచే వచ్చాయి. గానుగకు పోసి తెచ్చుకున్న నువ్వులనూనె, పల్లినూనె ఇంట్లో ఉండగానే అవన్నీ గుండెకు చేటని తేల్చి, ప్యాకెట్ పొద్దుతిరుగుడు నూనె ఒక్కటే వాడాలని హుకుం చేశాను. హైదరాబాద్‌లో జాతీయ పోషకాహార సంస్థ ఉంది. 1918లో కూనూరులో చిన్న గదిలో మొదలై 1958లో హైదరాబాద్‌కు వచ్చిన సంస్థ. అక్కడ డాక్టర్ గఫూరున్నిసా దశాబ్దాల పాటు మనవాళ్ల తిండిలోని, నెత్తురులోని కొవ్వు ఆమ్లాలను కొలిచారు. బియ్యంలో, జొన్నలో, పప్పుల్లో, ఆకుకూరల్లో కంటికి కనిపించని కొవ్వు ఎంతుందో లెక్కగట్టారు. ఒకే నూనెకు కట్టుబడకుండా రెండు మూడు రకాలు కలిపో మార్చిమార్చో వాడుకోవడం మేలని చెప్పారు. మా ఇంటికి కొన్ని గంటల దూరంలో జరిగిన పని అది. పొద్దుతిరుగుడులో లినోలియిక్ మెండు, ఆల్ఫా లినోలెనిక్ లేనట్టే. నేను ఏ కొలతా లేకుండా, ఏమీ చదవకుండా, ఇంటి గానుగను మాన్పించాను.

తమ్ముడిప్పుడు ఊళ్లోనే ఉంటున్నాడు. పెద్ద మోతాదు స్టాటిన్, దానికి తోడు పేగులో కొలెస్ట్రాల్ పీల్చుకోవడాన్ని తగ్గించే ఎజెటిమైబ్. ఎల్‌డీఎల్ 98కి వచ్చింది, ఇంకా దిగాలంటున్నారు. ఇంజెక్షన్లు కూడా ఉన్నాయి గానీ వాటి ధర మా ఇంటికి అందేది కాదు. బస్తా ఎత్తితే ఆయాసం వస్తుంది. నన్ను ఒక్క మాట అనలేదు. అంటే బాగుండునని నాకే అనిపిస్తుంది.

వాడి బిడ్డకు 19 ఏళ్లు, డిగ్రీ చదువుతోంది. పరీక్ష చేయిస్తే ఎల్‌డీఎల్ 236. సన్నగా, హుషారుగా ఉండే పిల్ల. తండ్రిలా 41 దాకా ఎదురుచూడకుండా ఇప్పుడే గోలీ మొదలుపెట్టారు. పెళ్లయి పిల్లలు కావాలనుకున్నప్పుడు ముందే చెప్పాలని, అప్పుడు ఆ గోలీ ఆపి చూస్తామని డాక్టరమ్మ చెప్పింది. పిల్ల అంతా నోట్‌బుక్‌లో రాసుకుంది.

ఇక్కడ నేను చేసిన ఇంకో పని చెప్పాలి. కోరుట్లలో మా చెల్లె ఉంది, బీడీలు చేస్తుంది. ఆమె కొడుకు బహ్రెయిన్‌లో పనిచేస్తాడు. పిల్లలు చిన్నగా ఉన్నప్పుడే తమ్ముడి బిడ్డను చెల్లె కొడుక్కని మాట అనుకున్నాం. అనుకున్నది ముఖ్యంగా నేనే. ఆస్తి బయటికి పోదు, పిల్ల పరాయింటికి పోదు అన్నాను. బాపు నుంచి తమ్ముడికి వచ్చినట్టే చెల్లెకు కూడా వచ్చి ఉండవచ్చు, ఆమె నుంచి కొడుక్కీ దిగి ఉండవచ్చు. ఇద్దరికీ ఒక్కో ప్రతి చెడి ఉండి పెళ్లయితే పుట్టే ప్రతి బిడ్డకూ నాలుగింట ఒక వంతు రెండు ప్రతులూ చెడే ప్రమాదం. అలాంటి పిల్లలకు ఎల్‌డీఎల్ చాలాసార్లు 400, 500 దాటుతుంది, బడికి పోయే వయసులోనే గుండెజబ్బు రావచ్చు. ఆస్తి లెక్కలు వేసినవాణ్ని ఈ లెక్క వేయలేదు.

చెల్లెకు ఫోన్ చేసి నెత్తురు చూపించుకోమన్నాను. ఆమె రిపోర్టు మామూలుగా వస్తే మేనల్లుడికి ఈ వైపు నుంచి భయం ఉండదు, ఎక్కువ వస్తే అతన్నీ చూడాలన్నాను. అదయ్యేదాకా లగ్గం మాట ఎత్తవద్దన్నాను.

"నాకేం రోగమున్నది? నా కొడుకును కాదనెటందుకు గిదొక సాకా?" అని ఫోన్ పెట్టేసింది.

పిల్లకు చెప్తే ఆమె తొణకలేదు. "అత్తది రానియ్యి పెద్దబాపూ. అటెన్క నన్ను గూడ ఒకసారి అడుగుండ్రి, చేసుకుంటవా అని" అంది. అది కూడా మేం ఎవరం చేయని పనే.

తమ్ముడే కోరుట్ల పోయి చెల్లె ముందు కూర్చున్నాడట. ఏం మాట్లాడాడో నాకు చెప్పలేదు. తర్వాత చెల్లె నుంచి ఫోన్ వచ్చింది. సర్కారు దవాఖానలో ఇస్తే జగిత్యాలలోని తెలంగాణ డయాగ్నస్టిక్స్‌కు పంపి పైసా లేకుండా చేస్తారట కదా అంది. అవునన్నాను, 2021లో జగిత్యాలలో, సిరిసిల్లలో పెట్టారు, ఇలాంటి పరీక్షల కోసమే.

"రేపు పొద్దుగాల పోత. ఏం తినకుంట పోవాల్నా అన్నా?"

కొలెస్ట్రాల్‌కు, ఎల్‌డీఎల్‌కు పరగడుపు అక్కర్లేదని, యూరప్ వైద్య సంఘాలు 2016లోనే ఆ మాట చెప్పాయని, ట్రైగ్లిజరైడ్లు మరీ ఎక్కువొస్తేనే మళ్లీ తినకుండా ఇవ్వమంటారని చెప్పాను. చాయ్ తాగి, రొట్టె తిని పొమ్మన్నాను. ఒక కాగితం మీద రెండు ముక్కలు రాయించుకొని డాక్టరు చేతిలో పెట్టమన్నాను: మా బాపు 43 ఏళ్లకు ఉన్నట్టుండి కూలి పోయిండు, మా తమ్మునికి 41కి స్టెంట్ పడ్డది. రిపోర్టులో నంబరు వస్తుంది గానీ ఇవి రావు, ఇవి మనమే చెప్పాలన్నాను.